నల్లగొండ ఎండకు, బోరు నీళ్లకు ఆర్కిడ్లు తట్టుకోవాలంటే: కుండీలో ఏం నింపాలి, నీళ్లు ఎప్పుడు పోయాలి

మీరు అడిగింది ఇది: ఉండేది నల్లగొండలో. హైదరాబాద్ నర్సరీ నుంచి ఒక ఫెలనాప్సిస్, రెండు డెండ్రోబియం ఆర్కిడ్ మొక్కలు తెచ్చి ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు కలిపిన కుండీల్లో నాటారు. రోజూ పొద్దున బోరు నీళ్లు పోస్తున్నారు. నెల తిరిగేసరికి ఫెలనాప్సిస్ ఆకులు మెత్తబడి ముడతలు పడ్డాయి. దాహంగా ఉందేమోనని ఇంకాస్త ఎక్కువ పోస్తే కింది ఆకు పసుపెక్కి ఊడిపోయింది. కుండీలో ఏం నింపాలి, ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి, దసరాకు వారం రోజులు ఊరెళ్తే మొక్కల సంగతేంటి అని మీ సందేహం.

ముందు సూటిగా జవాబు. మూడు మొక్కల్నీ ఈ రోజే మట్టిలోంచి తీసేయండి. ఈ రకాలకు మట్టి పనికిరాదు. ఫెలనాప్సిస్‌ను పైన్ చెట్టు బెరడు ముక్కల్లో, డెండ్రోబియంను బొగ్గులు, ఇటుక ముక్కల్లో పెట్టాలి. నీళ్లు రోజుల లెక్కన కాకుండా వేరు రంగు చూసి పోయాలి. బోరు నీళ్లు మానేసి వాన నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో వాడాలి. మీ మొక్క నీళ్లు చాలక వాడిపోలేదు. వేళ్లకు గాలి అందక అవి కుళ్లాయి, కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు, అందుకే ఆకు ముడత పడింది. పైకి చూస్తే రెండు జబ్బుల లక్షణమూ ఒకటే, అక్కడే అందరూ పొరబడతారు.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే మిగతాదంతా సులువు. ఈ మొక్కలు అడవిలో నేల మీద పెరిగేవి కావు. చెట్టు కొమ్మను పట్టుకుని, వేళ్లు గాలిలోకి వదిలి బతుకుతాయి. మన నల్లమలలోనే, అమ్రాబాద్ వైపు చెట్ల కొమ్మల మీద వాండా జాతి ఆర్కిడ్లు కనిపిస్తాయి. చూడ్డానికి బదనికలా ఉన్నా చెట్టు రసం పీల్చవు. కొమ్మ వాటికి ఆసరా మాత్రమే. వాన పడినప్పుడు తడుస్తాయి, ఆగగానే గాలికి త్వరగా ఆరతాయి. అందుకు తగ్గట్టే ఆ వేరు చుట్టూ తెల్లటి స్పాంజి లాంటి పొర ఉంటుంది, దాన్ని వెలమెన్ అంటారు. నీళ్లు తగలగానే పీల్చుకుంటుంది, ఆరగానే గాలి నింపుకుంటుంది. దాన్ని తడి మట్టిలో కప్పెడితే స్పాంజి ఎప్పటికీ ఆరదు. ఊపిరాడని వేరును రెండు మూడు వారాల్లో బూజు తెగులు పట్టేస్తుంది. (నల్లమల పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అక్కడి మొక్కల్ని పీకి తెచ్చుకోవాలని చూడకండి. అది పులుల అభయారణ్యం, తేవడం నేరం. పైగా అడవిలో కొమ్మను కరుచుకున్న వేళ్లను తెంపి తెచ్చాక ఆ మొక్క ఇంట్లో కోలుకోవడం కష్టం.)

ఫెలనాప్సిస్ కుండీ

మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది. కేరళ వాళ్లు చెప్పే మిశ్రమం ఇక్కడ పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండుతుంది. బెంగళూరు వాళ్లు చెప్పేది మన వానాకాలంలో కుళ్లుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఇళ్లకు నేను చెప్పే కొలత ఇది: పైన్ బెరడు ముక్కలు 6 పాళ్లు, కట్టెబొగ్గు 2 పాళ్లు, కొబ్బరి డొక్క ముక్కలు 2 పాళ్లు. ముక్కలన్నీ దాదాపు ఒకే సైజులో, 12 నుంచి 18 మిల్లీమీటర్లు ఉండాలి. సైజులు కలిస్తే చిన్నవి పెద్దవాటి సందుల్లోకి దూరి గాలి దారి మూస్తాయి.

బొగ్గు మనకు కొరత కాదు, సర్కారు తుమ్మ బొగ్గు ఊరూరా దొరుకుతుంది. గట్టిగా, టంగుమనేలా ఉన్నది తీసుకోండి. బూడిద అంటిన బొగ్గు వాడొద్దు, బూడిద క్షారం. నాలుగైదు నీళ్లు మార్చి నల్లపొడి పోయేదాకా కడిగి, ఒక రోజంతా నానబెట్టండి. ఎండు బొగ్గు మొదట నీటిని పట్టుకోదు. కొబ్బరి డొక్క అయితే బోండాల బండి వాడి దగ్గర అడిగి తెచ్చి ఎండబెట్టి ముక్కలు కోయొచ్చు, కానీ అందులో ఉప్పు ఉంటుంది. మూడు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టాకే వాడాలి. చాలామంది వదిలేసే పని ఇదే. కొత్త వేరు కొసలు నల్లబడితే నా మొదటి అనుమానం కొబ్బరి మీదే. బెరడును కూడా ఒక రాత్రి నానబెట్టాలి.

కుండీ పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్‌ది, 4 లేదా 5 అంగుళాలది చాలు. వేళ్ల గుత్తి కంటే అంగుళం మాత్రమే పెద్దగా ఉండాలి. "పెరుగుతుంది కదా" అని 8 అంగుళాల కుండీలో పెడితే నడుమ తడి ఆరదు. కాల్చిన ఇనుప చువ్వతో అడుగున ఆరు, పక్కల చుట్టూ రెండు వరుసల్లో రంధ్రాలు పెట్టండి. మట్టి కుండీ అందంగా ఉంటుంది కానీ ఫెలనాప్సిస్‌కు మన ఎండాకాలంలో చెడ్డది. పక్కల నుంచి తడిని లాగేస్తుంది, వేళ్లు గోడకు అతుక్కుని ఎండిపోతాయి, లవణాలు తెల్లగా పేరుకుంటాయి.

డెండ్రోబియం కుండీ

దీనికి ఇంకా ఎక్కువ గాలి కావాలి. అంగుళం సైజు బొగ్గు 5 పాళ్లు, బాగా కాలిన పాత ఇటుక ముక్కలు 3 పాళ్లు, కొబ్బరి డొక్క 2 పాళ్లు. ఇటుకను కడిగి రాత్రంతా నీళ్లలో ఉంచాలి, లేకపోతే వేరుకు అందాల్సిన తడిని అదే తాగేస్తుంది. సున్నపురాయి ముక్కలు, నాపరాతి ముక్కలు, సిమెంటు అంటిన ఇటుకలు కలపొద్దు. అవి క్షారాన్ని పెంచుతాయి, కొత్త ఆకులు పాలిపోతాయి. కుండీ 4 అంగుళాలదే, ఇరుకుగానే ఉండాలి. ఎత్తుగా పెరిగి మొక్క ఒరుగుతుంటే కుండీని పెంచకండి, చిన్న కుండీని బరువైన మరో ఖాళీ కుండీలో నిలబెట్టండి.

మార్చే పద్ధతి

మామూలుగా కుండీ మార్చడానికి మనకు మంచి కాలం మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డప్పటి నుంచి సెప్టెంబరు దాకా. అప్పుడు గాలిలో తేమ ఉంటుంది, కొత్త వేళ్లు పుడతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మాత్రం చేయి పెట్టొద్దు. పువ్వుతో ఉన్న మొక్కనూ కదపొద్దు. అయితే మట్టిలో కుళ్లుతున్న మొక్కకు కాలం చూడక్కర్లేదు, ఏ నెలైనా తీయాల్సిందే.

మొక్కను కుండీతో సహా నీళ్లలో ముంచి మట్టి వదిలాక మెల్లగా బయటికి తీయండి. ధారగా పడే నీళ్లతో వేళ్లు కడగండి. ఇక ఒక్కో వేరును రెండు వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే, రంగు గోధుమగా ఉన్నా, అది బతికే ఉంది. మెత్తగా నలిగి, పైపొర ఊడి లోపల దారం ఒక్కటే మిగిలితే చచ్చింది. చచ్చినదాన్ని మొదలు దాకా కత్తిరించాలి. కత్తెరను స్టవ్ మంట మీద కాల్చి చల్లార్చి వాడండి, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లేటప్పుడు మళ్లీ కాల్చండి. కోసిన చోట మాత్రమే దాల్చిన చెక్క పొడి అద్దండి. అది తడిని పీల్చేస్తుంది, మంచి వేరు మీద చల్లితే దాన్నీ ఎండబెడుతుంది. కుళ్లు ఎక్కువగా ఉంటే కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు కలిపి పది నిమిషాలు ముంచి తీయొచ్చు. చేతికి గ్లౌజులు వేసుకోండి.

నర్సరీ ఫెలనాప్సిస్ అయితే వేళ్ల నడిబొడ్డున వేలు పెట్టి వెతకండి. మొక్కను చిన్నప్పుడు పెంచడానికి వాడిన స్ఫాగ్నం నాచు (నీళ్లను బాగా పట్టి ఉంచే ఒక రకం నాచు) ముద్ద, ఒక్కోసారి చిన్న ప్లాస్టిక్ జాలి గిన్నెతో సహా, అక్కడే ఉండిపోతుంది. పైన అంతా ఎండినట్టు కనిపించినా ఆ ముద్ద మాత్రం తడిగానే ఉంటుంది, కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. జాలిని కత్తిరించి, నాచును పట్టకారతో కొంచెం కొంచెంగా లాగేయండి. రెండు మూడు మంచి వేళ్లు విరిగినా ఫర్వాలేదు, ముద్ద మాత్రం ఉండకూడదు.

ఒక రోజు నీడలో ఆరనిచ్చి కొత్త మిశ్రమంలో పెట్టండి. ఫెలనాప్సిస్‌కు ఆకులు కలిసే మొదలు ముక్కల పైకి ఉండాలి, వేళ్లు మాత్రమే లోపలికి. డెండ్రోబియంకు పాత కాడల వైపును కుండీ అంచుకు ఆనించి, కొత్త చిగురు నడుమకు వచ్చేలా పెట్టాలి. ఆకుల్లేని పాత కాడలను కొయ్యొద్దు, మొక్క నీళ్లూ ఆహారమూ దాచుకునేది వాటిలోనే. వాటి నుంచీ పువ్వు రావచ్చు. మొక్క ఊగుతుంటే పుల్లకు కట్టండి, ఊగే మొక్క కొత్త వేరు కొసలు రాసుకుని విరిగిపోతాయి. వేళ్లు బాగా కోశాక రెండు మూడు రోజులు నీళ్లు పోయొద్దు. ఆకుల చుట్టూ గాలిలో మాత్రం పొద్దున ఒకసారి తుంపర కొట్టండి.

మీ ఫెలనాప్సిస్‌కు మూడు, అంతకంటే ఎక్కువ గట్టి వేళ్లు మిగిలితే పై మిశ్రమంలోనే పెట్టేయొచ్చు. ఒకటి రెండే మిగిలితే 3 అంగుళాల కుండీలో స్ఫాగ్నం నాచు వాడాలి. నాచును తడిపి, పిండితే చుక్క రాలనంతగా గట్టిగా పిండి, వదులుగా చుట్టండి. పూకాడ ఉంటే కోసేయండి, పాపం అనుకోవద్దు, ఉన్న శక్తి వేరుకు వెళ్లాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆకుల మొదట్లో పచ్చటి కొసతో కొత్త వేరు కనిపించాలి. ముడతలు పడ్డ పాత ఆకులు మళ్లీ నున్నగా కాకపోవచ్చు, వాటిని చూసి దిగులు పడొద్దు. కొత్త ఆకు గట్టిగా వస్తే చాలు.

నీళ్లు ఎప్పుడు

పారదర్శక కుండీ చెప్పింది ఇందుకే. తడిగా ఉన్న వేరు పచ్చగా, ఆరిన వేరు వెండి తెలుపులో ఉంటుంది. కుండీ గోడకు ఆనిన వేళ్లు తెల్లబడి, గోడ లోపల నీటి ఆవిరి చుక్కలు కనిపించకుండా ఉంటే నీళ్లకు వేళైనట్టు. నడుమ తడి తెలియాలంటే చీపురు పుల్లను కుండీ మధ్యకు దించి పది నిమిషాల తర్వాత తీసి చెంపకు ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. పదిసార్లు చేశాక కుండీని ఎత్తితే బరువును బట్టే తెలిసిపోతుంది.

అయినా రోజుల అంచనా అడిగారు కాబట్టి, మన ప్రాంతానికి ఫెలనాప్సిస్‌కు ఎండాకాలంలో 2-3 రోజులకు, వానాకాలంలో 5-7 రోజులకు, చలికాలంలో 7-8 రోజులకు ఒకసారి. నాచులో ఉంటే దాదాపు రెట్టింపు వ్యవధి. బొగ్గులోని డెండ్రోబియంకు ఎండాకాలంలో రోజూ, 42 డిగ్రీలు దాటిన రోజుల్లో సాయంత్రం మరో తుంపర, చలికాలంలో 3-4 రోజులకు ఒకసారి. వానలో తడిసే చోట ఉంటే ఆ వారం అసలు పోయక్కర్లేదు. ఇవి పుల్లను చూడటం మొదలుపెట్టడానికి గుర్తులే, పుల్లకు బదులు కాదు.

పోసేది కొంచెం కొంచెం కాదు. 5 అంగుళాల కుండీకి 300 నుంచి 400 మిల్లీలీటర్లు, అడుగు నుంచి ధారగా కారేలా పోయండి. పది నిమిషాలు ఆగి ఇంకోసారి అంతే పోయండి. మొదటి నీళ్లు వేరును తడిపి, పేరుకున్న ఉప్పును కరిగిస్తాయి, రెండోవి దాన్ని బయటికి తోస్తాయి. బకెట్‌లో ముంచేవాళ్లు అన్ని కుండీలనూ అదే నీళ్లలో ముంచొద్దు, ఒకదాని తెగులు అన్నిటికీ పాకుతుంది. కింద పళ్లెంలో నీళ్లు నిలవకూడదు.

పొద్దున 8 లోపే పోయండి. మిద్దె మీది ట్యాంకు నీళ్లను ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట నేరుగా పోయొద్దు. అవి చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి, వేరు కొసలు ఉడికిపోతాయి. రాత్రే బకెట్‌లో పట్టి పెట్టుకోండి. ఫెలనాప్సిస్ ఆకుల నడుమ గుంటలో నీళ్లు పడితే టిష్యూ పేపరు మడిచి అద్దేయండి. రాత్రంతా అక్కడ నీళ్లుంటే చిగురు కుళ్లి రెండు రోజుల్లో చేతిలోకి ఊడి వస్తుంది. ఫెలనాప్సిస్‌కు ఉన్న చిగురు అదొక్కటే.

ఏ నీళ్లు

మన జిల్లాల్లో ఈ ప్రశ్న కుండీ కంటే పెద్దది. నల్లగొండ భూగర్భ జలంలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. దానితో పాటు బైకార్బొనేట్లు, కాల్షియం లవణాలూ ఎక్కువే. ఆర్కిడ్ వేరు ఉప్పును తట్టుకోలేదు. ఆకు కొసలు మాడటం, ఆకు మీద తెల్లటి పొర, వేరు కొస నల్లబడి ఆగిపోవడం, ఇవన్నీ ఆ నీళ్ల గుర్తులు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు కొనండి. 200 లోపు ఉంటే హాయిగా పోయొచ్చు, 200 నుంచి 400 మధ్య అయితే ఎరువు సగానికి తగ్గించి జాగ్రత్తగా నడపొచ్చు, ఆపైన వద్దు.

కాచి చల్లారిస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. కాస్తే కొంత కాఠిన్యం మాత్రమే అడుగున సున్నంగా దిగుతుంది, ఫ్లోరైడ్ పోదు. రాత్రంతా తెరిచి ఉంచితే క్లోరిన్ వాసన తగ్గుతుందే కానీ టీడీఎస్ తగ్గదు. ఇంట్లో సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లు ఇంకా చెడ్డవి, అది కాల్షియంను తీసి సోడియంను వదులుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు నది నీళ్లు కాబట్టి సాధారణంగా బోరు కంటే చాలా నయం, ఒక రాత్రి ఉంచి మీటరుతో చూసి వాడండి. ఆర్‌ఓ నీళ్లను బోరుతో కలుపుకోవచ్చు. మీ బోరు 1000, ఆర్‌ఓ 50 ఉంటే, ఒక మగ్గు బోరుకు ఐదు మగ్గుల ఆర్‌ఓ కలిపితే 200 దగ్గరికి వస్తుంది. ఆర్‌ఓ మిషన్ పక్క పైపు నుంచి వదిలేసే నీళ్లు మాత్రం మొక్కకు చుక్క కూడా వద్దు, తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

అన్నిటికంటే మేలు వాన నీళ్లు. 10 చదరపు మీటర్ల రేకు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 200 లీటర్ల డ్రమ్ము నిండుతుంది. మొదటి వానను వదిలేయండి, దుమ్మూ పక్షుల రెట్టలూ కొట్టుకుపోవాలి. తర్వాతది పట్టి, దోమలు చేరకుండా బట్ట కట్టి మూతపెట్టి నీడలో ఉంచండి. చలికాలంలో మీ మూడు కుండీలకు వారానికి ఆరేడు లీటర్లు మించి పట్టదు, ఒక డ్రమ్ము ఆ కాలమంతా వస్తుంది.

ఎండాకాలం, చోటు

మే నెలలో 44 డిగ్రీల వేడిని నీళ్లతో గెలవలేం, నీడతోనూ తేమతోనూ గెలవాలి. ఫెలనాప్సిస్‌ను మార్చి చివరికల్లా ఇంట్లోకి, తూర్పు కిటికీ దగ్గరికి తెచ్చేయండి. గడ్డి కూలర్ ఉన్న గది దానికి చాలా బాగుంటుంది, గాలి చల్లగా, తేమగా ఉంటుంది. కూలర్ గాలి ఎదురుగా కొట్టకుండా పక్కకు పెట్టండి. ఏసీ గది పొడి, అక్కడ పెట్టొద్దు. డెండ్రోబియం బయటే ఉండొచ్చు, 50 శాతం గ్రీన్ నెట్ కింద. స్లాబు మీద నేరుగా పెట్టకుండా రెండు మూడు అడుగుల ఎత్తు స్టాండు మీద ఉంచి, కింద గోనెసంచులు పరిచి పొద్దున, మధ్యాహ్నం తడపండి. ఆ గోనెసంచులకు బోరు నీళ్లు వాడినా నష్టం లేదు. పొడి గాలికి ఆకుల అడుగున నల్లి పడుతుంది, ఆకు వెనక వెండి చుక్కలు కనిపిస్తే తడిగుడ్డతో రెండు వైపులా తుడవండి.

నవంబరు, డిసెంబరులో ఫెలనాప్సిస్‌ను మళ్లీ వరండాలోకి తీసుకెళ్లండి. రాత్రి చలి మూడు నాలుగు వారాలు తగిలితేనే పూకాడ వేస్తుంది. మన చలికాలం రాత్రులు దానికి సరిగ్గా సరిపోతాయి. ఏడాది పొడవునా గదిలోనే ఉంచి "పూయట్లేదు" అనేవాళ్లు ఈ ఒక్క పని చేస్తే చాలు.

ఎరువు సంగతి పెద్దగా లేదు. 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు) లీటరుకు అర గ్రాము, వారానికి ఒకసారి, వేరు తడిగా ఉన్నప్పుడే. నెలకోసారి మామూలు నీళ్లతో బాగా కడగాలి. ఆర్‌ఓ నీళ్లు వాడేవాళ్లు నెలకు రెండుసార్లు కాల్షియం నైట్రేట్ లీటరుకు అర గ్రాము విడిగా ఇవ్వాలి, రెండూ ఒకే నీళ్లలో కలిపితే విరిగి అడుగుకు దిగుతాయి. పేడ, వర్మీకంపోస్టు, బియ్యం కడిగిన నీళ్లు దగ్గరికి రానీయకండి, సందులు మూసుకుపోయి దోమల్లాంటి చిన్న పురుగులు చేరతాయి. ఇంత చేసినా బొగ్గులోకి ఉప్పు చేరుతూనే ఉంటుంది, ఏడాదిన్నర రెండేళ్లకు మిశ్రమం మొత్తం మార్చాలి.

ఇక దసరా ప్రయాణం. అక్టోబరులో వారం రోజులంటే భయపడాల్సింది లేదు. బయల్దేరే పొద్దున రెండు దఫాలుగా బాగా నీళ్లు పోసి, పూర్తిగా కారనిచ్చి, మూడు కుండీలనూ ఎండ తగలని వెలుతురులో దగ్గరదగ్గరగా పెట్టండి. ఒక పళ్లెంలో కంకర పోసి, కంకర పైకి రాకుండా నీళ్లు నింపి దాని మీద కుండీలు నిలబెడితే తేమ అందుతుంది, అడుగు మాత్రం నీళ్లను తాకకూడదు. డెండ్రోబియం ఆరేడో రోజుకు కాస్త ఎండుతుంది, కాడల్లో నిల్వ ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. పక్కింటివాళ్లకు అప్పజెప్పాలనుకుంటే నాలుగో రోజున డెండ్రోబియంకు మాత్రమే, ఒకే ఒక్కసారి పోయమని చెప్పండి, నీళ్లు మీరే సీసాలో పట్టి ఇచ్చి వెళ్లండి. ఇదే ప్రయాణం మే నెలలో అయితే మూడు రోజులకు మించి వదిలి వెళ్లొద్దు, మొక్కలు ఇంకొకరి ఇంట్లో ఉండాలి.